ఎండ మీద వేసిన నింద

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇక నావల్ల కాదు. మీకు చెప్పేస్తాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. ఏలూరులో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఒక వేసవిలో మిషన్ బడి మాస్టారొకాయన వచ్చి నన్ను కొల్లేటి ఒడ్డు పల్లెకు తీసుకెళ్లారు. ఆదివారం పని మాని ప్రార్థనకు వెళ్లాడని, యోహాను అనే పాలేరును ఆసామి చెర్నాకోలతో కొట్టించాడు. వీపంతా వాతలు. అవి మానకముందే ఫొటో తీయించి కోర్టులో చూపించాలని మాస్టారి పట్టుదల.

గుడిసెలో చీకటి. అందుకని మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబెట్టాం. నెత్తిన ఎండ, నీళ్ల మీంచి మరో ఎండ.

“వాతలు తెలుస్తాయంటారాండీ?” అన్నారు మాస్టారు.

“ఎందుకు తెలియవండీ!” అన్నాను.

అంత వెలుతురులో లెన్సు మూత ఇలా తీసి అలా పెట్టెయ్యాలి. ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫొటోలో ఒళ్లంతా ఒకే తెలుపైపోయి వాతలు మాయమవుతాయి. అది నాకు తెలుసు. తెలిసే తెరిచి ఉంచాను. కదిలితే బొమ్మ చెడుతుందని, మండే వీపుతో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు యోహాను.

“అయిపోయిందా బాబూ?”

“ఇంకాస్త ఉండు.”

ఎందుకు చేశాను? ఆసామి బెదిరించాడా? లేదు. అప్పటికి నేనెవరో కూడా ఆయనకు తెలీదు. ఆ చుట్టుపక్కల పెద్దిళ్ల పెళ్లిళ్లలో ఫొటోలు తీయడానికి నన్ను పిలవరేమోనని, ఎవరూ అడక్కముందే నా అంతట నేనే వంగిపోయానే, అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

ఫొటో పడిన గాజు ప్లేటు కడగడం కావాలనే ఆలస్యం చేశాను. ఈలోగా, మళ్లీ ఫొటో తీసే వీల్లేకుండా, వాతలు మానిపోయాయి. వెలిసిపోయిన ఫొటో చేతిలో పెట్టి, “పాడు ఎండండీ, అంతా చెడగొట్టేసింది” అన్నాను. మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. “మీ పని మీకు తెలుసు కదండీ” అని మాత్రం అన్నారు. నమ్మి అన్నారా? నమ్మకా? ఇప్పటికీ తెలీదు.

రుజువు లేదని కేసు కొట్టేశారు. యోహాను పెళ్లాంబిడ్డలతో ఊరొదిలి పోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలీదు.

మరుసటేడు ఆసామి ఇంట్లో పెళ్లికి నన్నే పిలిచారు. “ఆ ఫొటో చెడిపోయిందటగా!” అని నవ్వాడాయన. నేనూ నవ్వాను. థూ!

ఇది రాశాక ఛాతీ కాస్త తేలికైంది. ఆ తేలికదనం మీద కూడా కోపంగానే ఉంది. “పోనీలెండి, భయపడ్డారు” అని మాత్రం అనకండి. భయపడ్డవాడి చెయ్యి వణుకుతుంది. ఆ మూత పట్టుకున్న నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు.