గురువమ్మ పాసైన కెమిస్ట్రీ

పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక బడిలో గురువమ్మ పదకొండేళ్లుగా ల్యాబ్ అటెండెంటు. గాజుగొట్టాలు కడగడం, బర్నర్లు తుడవడం ఆమె పని. భర్త తాతబ్బాయి ఫీనిక్స్ బేలో బోటు మీద పనిచేసేవాడు. సునామీ రోజున మిన్నీ బేలోని వాళ్ల ఇంట్లోకి కిటికీల ఎత్తున నీళ్లొచ్చాయి. మనుషులు దక్కారు గానీ ఇల్లు పనికిరాకుండా పోయింది. ప్రోతరాపూర్‌లో చెల్లెలు అచ్చమ్మ ఇచ్చిన గదిలో ఉంటూ, బస్సులో డ్యూటీకి వచ్చేది.

జనవరిలో కెమిస్ట్రీ టీచరు శారదాదేవి, గురువమ్మ కలిసి ల్యాబులో సునామీకి ముందొచ్చిన భూకంపానికి పగిలిన గాజుసామాను ఏరుతున్నారు. బోర్డు మీద డిసెంబరు నాటి లెక్క చెరగలేదు. గురువమ్మ చీపురు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

“ఏమిటి చూస్తున్నావ్?”

“ఇలాంటి లెక్క దగ్గరే నా ట్వెల్త్ పోయింది మేడమ్. మళ్లీ రాద్దామనుకున్నాను, ఈలోగా పెళ్లి చేసేసారు.”

“ఓపెన్ స్కూల్లో పేరిచ్చి ఇప్పుడు రాయి.”

“ఇప్పుడేటి మేడమ్! ముప్పై ఆరేళ్లొచ్చాయి. బళ్లో బచ్చేలోగ్, ఈ పిల్లలంతా నవ్వుతారు.”

“నవ్వనీ.”

వారం రోజులు ఆలోచించి పేరిచ్చింది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు మూసేశాక పాఠం మొదలయ్యేది. ఒకరోజు శారదాదేవి ఆ పాత రకం లెక్కే ఇచ్చింది. లీటరు పాత్రలో ఒక మోలు హైడ్రోజన్, ఒక మోలు అయొడిన్ ఆవిరి వేడిచేశారు. సమతాస్థితి వచ్చేసరికి ఒక్కొక్కటి 0.2 మోలు మిగిలింది. స్థిరాంకం ఎంత?

“పదహారండీ. సహీ హై?”

“కాదు. హైడ్రోజన్ అయొడైడ్ ఎంత రాశావ్?”

“సున్నా పాయింట్ ఎనిమిది. ఖర్చయింది అంతే కదండీ?”

“ఒక్కో హైడ్రోజన్ అణువు ఒక అయొడిన్‌తో కలిస్తే ఎన్ని వస్తాయి?”

గురువమ్మ సమీకరణం మీద వేలు పెట్టింది. “రెండు! అరే, అయితే 1.6.” గబగబా వేసింది. 1.6ని 1.6తో గుణిస్తే 2.56. కింద 0.2ని 0.2తో గుణిస్తే 0.04. “అరవై నాలుగు మేడమ్!”

“అరవై నాలుగే.”

పద్దెనిమిదేళ్ల క్రితం ఎక్కడ తప్పిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మరుసటి ఏడు పరీక్ష రాసింది. కెమిస్ట్రీలో యాభై ఎనిమిది వచ్చాయి. మార్కుల కాగితం చేతిలోకి తీసుకుని తాతబ్బాయి అడిగాడు:

“మరింకేటి చదువుతావ్?”

“బీఎస్సీకి నా వయసోళ్లని తీసుకుంటారో లేదో, రేపు బోటు దిగాక కాలేజీలో కనుక్కొనిరా.”