విమానమెక్కిన నా రక్తం

మూడేళ్ల కింద నా రొమ్ములో గడ్డ తగిలినప్పుడు గద్వాలలో మా ఇంట్లో ఎవరూ ఆ మాట పలకలేదు. మా అత్త "అది" అనేది. మా ఆయన అడిగినవాళ్లకు ఛాతీ నొప్పని చెప్పేవాడు. వీధిలోని ఆర్‌ఎంపీ డాక్టరు వేడి చేసిందని మాత్రలిచ్చాడు. అలా ఆరు నెలలు చీరలు నేస్తూ కూర్చున్నాను. సిగ్గు వాళ్లది, గడ్డ నాది. చివరికి హైదరాబాదులో రొమ్ము తీసేశారు.

నిరుడు నడుము నొప్పి మొదలైంది. స్కాన్ తీసి, జబ్బు వెన్నెముకకు పాకిందన్నారు. ఆపరేషన్ అయినప్పటి నుంచి వేసుకుంటున్న మాత్ర ఎందుకు పనిచేయడం లేదో తెలియాలంటే జబ్బు పాకిన చోట చిన్న ముక్క తీసి చూడాలట. వెన్నులో ఆ చోట సూది గుచ్చడం కష్టమని, రక్తంలో వెతుకుదామని హైదరాబాదు డాక్టరమ్మ అంది.

"రక్తంల గడ్డ ఎట్ల దొరుకుతది మేడం?"

"గడ్డ దొరకదమ్మా. దాన్నుంచి రాలిన పొట్టు రక్తంలో తిరుగుతుంటుంది. అది దొరికితే ఏ మందు వాడాలో తెలియొచ్చు. దొరక్కపోతే జబ్బు లేదని మాత్రం కాదు."

రెండు గొట్టాల రక్తం తీసి విమానంలో వేరే ఊరి ల్యాబుకు పంపారు. అప్పటిదాకా నా జబ్బు గురించి నోరు మెదపని మా ఆయనకు మాటలొచ్చాయి. "మా ఆమె రక్తం విమానమెక్కింది" అని టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్లలో నన్ను దవాఖానకు తప్ప ఎక్కడికీ తీసుకుపోని మనిషి. వనపర్తి నుంచి ఆడబిడ్డ దానిమ్మ పండ్లతో దిగింది.

"గంత రక్తం తీస్తే మనిషేముంటది వదినా?"

"తీసింది రెండు చిన్న గొట్టాలు. నువ్వు తెచ్చింది ఐదు కిలోలు" అన్నాను.

రెండు వారాలకు పద్నాలుగు పేజీల ఇంగ్లీషు రిపోర్టు వచ్చింది. ఆర్‌ఎంపీ డాక్టరు కళ్లద్దాలు పెట్టుకొని ఆసాంతం తిరగేశాడు.

"బ్లడ్ గ్రూపు రాయనే లేదు. గిదేం టెస్టు?"

డాక్టరమ్మ అందులో ఒక్క వరుస మీద వేలు పెట్టింది. జబ్బు కణాల్లో ఒక మార్పు వచ్చి పాత మాత్రకు లొంగడం లేదట. మందు మార్చింది. మూడు నెలలకు రక్తం, స్కాన్ రెండూ చూశారు. రక్తంలో పొట్టు తగ్గింది, స్కాన్‌లో వెన్ను మీది మచ్చలు పెరగలేదు.

"అయితే నయమైనట్టేనా మేడం?" మా ఆయన ఆత్రంగా అడిగాడు.

"లేదు. అదుపులో ఉంది. ఇలాగే చూస్తుండాలి."

బయటికి రాగానే ఫోను తీశాడు. "నయమైందని అందరికీ చెప్త."

"నా సంగతి నేను చెప్పుకుంట. నువ్వు జర ఊకో" అన్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు నొప్పి తగ్గింది. పొద్దున రెండు గంటలు మగ్గం మీద కూర్చోగలుగుతున్నాను.