కీలు మీద చెయ్యి

మా మేస్త్రీ గారు పోయారని ఫోనొచ్చినప్పుడు కోడూరులో నా లారీకి రొయ్యల ట్రేలు ఎక్కిస్తున్నారు. అవనిగడ్డలో ఆయన మెకానిక్ షెడ్డు పక్కన టీ కొట్టు నడిపే ఆవిడ చేసింది. "పొద్దున్న లేవలేదండీ," అంది, అంతే. బందరు వెళ్ళాలంటే అవనిగడ్డ మీదుగానే వెళ్ళాలి. వెళ్ళాను, ఆగలేదు. ఐసు కరిగిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఆయన్ని అలా చూసే ధైర్యం లేకపోయింది. సరుకు దింపి తిరిగొచ్చేసరికి ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. దారి పొడుగునా నా చేతుల్లో స్టీరింగు వణుకుతూనే ఉంది. ఆయనకి చూపించాలని నాలుగు రోజులుగా అనుకుంటున్న వణుకే అది.

ఇరవై ఏళ్ళ కిందట ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది కూడా ఇందుకే. వేగం అందుకుంటే చాలు, బండి ముందు భాగమంతా ఊగేది. అప్పటికే టైర్లు మార్చాను. స్టీరింగు లూజుగా ఉందని పెద్ద తెలిసినవాడిలా దాని బాక్సు బిగించేశాను. ఊగడం తగ్గలేదు సరికదా, మలుపులో తిప్పితే స్టీరింగు దానంతటదే వెనక్కి రావడం మానేసింది.

"ఊగేది ఒకటీ, నువ్వు బిగించింది ఒకటీ," అన్నారాయన. "ఎక్కడుందో బండిని అడగాలి కదా అబ్బాయ్."

నేను జాకీ తీశాను. వద్దన్నారు. "బరువు మీదుంటేనే నిజం చెప్తుంది. ఎక్కి కూర్చో. కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పు."

గోనెపట్టా పరిచి కిందకి దూరారు. స్టీరింగు బాక్సు నుంచి చక్రాల దాకా ఒక్కో కీలు మీదా చెయ్యి పెట్టి చూసుకుంటూ వెళ్ళారు. లారీ తోలినవాళ్ళు మీలో ఉంటే తెలుస్తుంది, కింద నుంచి వచ్చే ఆ గొంతు ఎంత ధైర్యమో. "తిప్పు. ఆపు. మళ్ళీ తిప్పు. ఇదిగో, ఇది ఆలస్యంగా కదులుతోంది." అరిగిపోయిన కీలు దొరికింది.

డ్రైవరు సీట్లో ఎప్పుడూ కూర్చునేవారు కాదు, అది నీ చోటు అనేవారు. ఇంట్లో నేనొక్కణ్ణే, ఆయనా ఒక్కరే. బండికి ఏమీ లేకపోయినా ఏదో మోగుతోందని వంక పెట్టి వెళ్ళేవాణ్ణి. ఆయనకి తెలుసు. అయినా కిందకి దూరి చూసేవారు. యాభై దాటిన నన్ను అబ్బాయ్ అని పిలిచేది ఆయనొక్కరే.

మొన్నటి వానాకాలంలో వెళ్తే, "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, ఇవాళ నువ్వెళ్ళు కిందకి," అన్నారు. చేతులు తుడుచుకుని మొదటిసారి నా సీట్లో కూర్చున్నారు.

"దొరికిందండీ! కుడి చక్రం దగ్గరిది!"

"ఎలా తెలిసింది?"

"అన్నీ కదిలాక కదిలిందండీ."

నవ్వారు. "ఇంకేం, నేను లేకపోయినా నడుస్తుంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పైన తిప్పేవాళ్ళెవరండీ మరి?"

ఆయన స్టీరింగు ఇంకొక్కసారి తిప్పారు.

ఇవాళ మూసి ఉన్న ఆ షెడ్డు ముందే బండి ఆపాను. గోనెపట్టా పరుచుకుని కిందకి దూరి, ఎడమ చక్రం దగ్గరి కీలు మీద చెయ్యి పెట్టాను. అలవాటుగా, "తిప్పండి మేస్త్రీ గారూ," అన్నాను.

చాలాసేపు చెయ్యి తియ్యలేదు. కీలు కదల్లేదు.