వాన వేషం

ఇది ఒక మహాగాథ. ఇందులో సింహాసనం ఉంది, దాని కోసం పోరు ఉంది, ఏళ్లు గడిచినా ఆరని పగ ఉంది. ఇలా మొదలుపెడితే మీరు చదువుతారని అన్నాను గానీ, నిజానికి ఇందులో ఉన్నది ఒక బేసిను, వేయించిన చెనక్కాయలు, మా చిన్నమ్మ కూతురు సునీత మీద నాకున్న కుళ్లు.

పుట్టపర్తిలో మా ఆఫీసు కింద సాయంత్రమయ్యేసరికి తోపుడుబండి మీద చెనక్కాయలు వేగుతుంటాయి. ఊరూరా నీటి పొదుపు ప్రచారం నడిపే వాలంటీరు నాయకులకు ఈ ఆదివారం శిక్షణ. అందులో ఏ ఆట ఎప్పుడు ఆడించాలో రాసుకుంటూ కూర్చున్న నాకు ఆ వాసన తగలగానే ముదిగుబ్బలో చిన్నమ్మ ఇల్లు గుర్తొస్తుంది.

ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. అరికాళ్లు చుర్రుమనిపించే బండల మిద్దె, గొర్రెల మంద పోయాక కూడా వీధిలో చాలాసేపు నిలిచే దుమ్ము, జాతర నాడు అవ్వ నెయ్యి కారేలా రాసి పెట్టే ఓళిగలు, మబ్బు తునక కనిపిస్తే చాలు గొడుగు వెతికి దులిపి, వాడే అవసరం రాక మళ్లీ మూల పెట్టే చిన్నాయన, వీటన్నిటి మధ్య చిన్నమ్మ ఇప్పుడు నేను చేస్తున్న పనే చేసేది. ఉపన్యాసమిస్తే నాయకులు నిద్రపోతున్నారని ఒక ఆట కనిపెట్టి, ముందు మా పిల్లల మీద ప్రయోగించింది. బేసిన్లో చెనక్కాయలు పోస్తే అవి భూమిలో నీళ్లు. చుట్టూ కూర్చున్నవాళ్లు పంట పంటకూ తమకు కావలసినన్ని తోడుకోవచ్చు. మధ్యలో ‘వాన’ వచ్చి సంచిలోంచి ఒక దోసెడు పోస్తుంది, ‘ఎండ’ వచ్చి ఒక పిడికెడు తీసేస్తుంది.

వానకు భుజం మీద నీలం చీరముక్క కప్పుతారు. అది నాకు కావాలి. తిండి మానేసి అడిగాను, మధ్యాహ్నం దాకా.

“నువ్వు ఎండవి రా. వాన మన సునీత పాప. పాపకు చేతులు చిన్నవి, వాన తక్కువ పడతాది. మన జిల్లాకు అదే సరి” అంది చిన్నమ్మ.

వాతావరణ శాఖతో ఎవరు వాదిస్తారు? ఎండ అయ్యాను. మా వైపు ఆ ఉద్యోగానికి పోటీ ఉండదు.

శిక్షణ రోజున బడి వరండాలో నాయకులంతా గుండ్రంగా కూర్చున్నారు. రెండో పంటకే బేసిను ఖాళీ. తోడుకున్నవాళ్ల ముందు కూడా ఏమీ లేవు, పొట్టు తప్ప.

“నీళ్లు యాడబోయినాయప్పా?” అంది చిన్నమ్మ.

“తింటిమి కదమ్మా. బాగా ఏగిండాయి” అన్నాడు గంగన్న అనే నాయకుడు.

చిన్నమ్మ వానను పిలిచింది. వాన సంచీ కూడా ఖాళీ. సునీత పెదవులకు ఎర్ర పొట్టు. వాన కూడా తినేసిందని అందరూ నవ్వారు, సునీత ఏడ్చింది, నా కడుపు చల్లబడింది. తీసిన పిడికెళ్లన్నీ తినకుండా జేబులో దాచిన నిజాయితీపరుణ్ణి నేనొక్కణ్ణే మరి.

చిన్నమ్మ ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. “మనమూ ఇంతే కదప్పా. రేపటి నీళ్లు ఈ పొద్దే తాగేస్తాండాం” అంది. ఆ తర్వాత గోరంట్ల దాకా ప్రతి శిక్షణలోనూ వానను తిన్న పాప కథే చెప్పారు. తప్పు చేసి కూడా పేరు తెచ్చుకోవడం అందరికీ రాదు. నా జేబులోని చెనక్కాయలేమో ఏడుపు మాన్పడానికి సునీతకే ఇచ్చేశారు.

ఇప్పుడు ప్లాస్టిక్ పూసలతో ఆడిస్తాం. ఎవరూ తినరు. కాలి కింద పొట్టు కరకరలాడదు, లెక్క తప్పదు, ఎవరూ నవ్వరు. ఈసారి వాన వేషానికి నా పేరే రాసుకున్నాను. సునీతకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

“నీకంత ఆశ ఉండాదని నాకేం తెల్సన్నా? ఆ పొద్దే నన్ను అడిగింటే ఇచ్చేసేదాన్ని” అంది.

ఇన్నేళ్ల కుళ్లుకు ఇంతకంటే అవమానం లేదు. అది దిగమింగుతుండగానే శిక్షణ జరగాల్సిన హాలు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. అక్కడి బోరు ఎండిపోయిందట. ఆదివారం వచ్చేవాళ్లు ఎవరి నీళ్ల బాటిల్ వాళ్లే తెచ్చుకోవాలి.