డెల్మార్ ఫ్రీజరుకు పెట్టిన కుళాయి

చలిదేశపు ఊరు మానిటోవాక్‌లో డెల్మార్ వోయాన్‌ని ఎరగనివాళ్లు తక్కువ. ఓడల యార్డులో ఉక్కు రేకులకు బెజ్జాలు వేసీ వేసీ రిటైరైన మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. అయితేనేం, తన చేత్తో కాచిన బీరు నలుగురి గొంతులో పడందే ఆయనకు తిన్నది అరగదు.

ఆ నలుగురిలో మొదటివాడు అన్న హిల్బర్ట్. ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి డెల్మార్ ఇంటి నేలమాళిగలో పేకాట మొదలవ్వాల్సిందే, పక్కింటి అన్నదమ్ములిద్దరితో కలిసి. అలాంటిది, ఆ వేసవి నుంచి హిల్బర్ట్ రావడం మానేశాడు. ఫోను చేస్తే ఒకటే మాట.

"చెయ్యి వణుకుతోందిరా. సీసా వంచితే అడుగున మడ్డి అంతా లేచిపోతోంది. ఆ బురద ఎవడు తాగుతాడు?"

అన్న లేని ఆట డెల్మార్‌కు చప్పగా ఉంది. సీసాలే లేకపోతే మడ్డి గొడవే ఉండదు కదా! పీపాలో నింపి, కుళాయి తిప్పితే చల్లగా కప్పులోకి దూకేలా చెయ్యాలి. నేలమాళిగలో శవపేటికంత పొడుగు ఫ్రీజర్ ఖాళీగానే ఉంది, జింకల వేట ఇంకా మొదలవలేదుగా. పీపాలు, బీరును కుళాయిలోకి తోసే గ్యాస్ సిలిండరు, కుళాయిలు కొనుక్కొచ్చాడు.

"మూత కింద చెక్క చట్రం పెట్టి, కుళాయిలు దానికి బిగించు. ఫ్రీజర్ గోడల జోలికి మాత్రం పోకు, లోపల చల్లదనం గొట్టాలుంటాయి" అని పక్కింటివాళ్లు చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

వింటేగా! "ఉక్కు తొలిచి బతికినవాణ్ణి, నాకు చెక్కముక్కలా?" అంటూ డ్రిల్లు తీసి నేరుగా గోడలోకే దింపాడు. బుస్సుమంది. గొట్టం తెగి లోపలి చల్లబరిచే గ్యాసంతా పోయింది. ఇక ఆ ఫ్రీజరు జన్మలో చల్లబడదు.

భార్య ఆర్లిస్ మెట్లు దిగి వచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"అయిందా? ఇప్పుడు జింక పడితే మాంసం ఎక్కడ పెడతావయ్యా, నీ నెత్తినా?"

"అన్న కోసమేగా చేశాను..."

"ఇల్లు పీకి పందిరెయ్యమన్నాడా మీ అన్న? పట్టుకెళ్లి బయట పారెయ్, నా కళ్లబడకుండా!"

పక్కింటివాళ్లు ఓ చెయ్యి వేస్తే ఆ చచ్చిన పెట్టెను పైకి మోసుకొచ్చి, పాత సామాన్లవాడు వచ్చేదాకా ఉంటుందని గ్యారేజీలో పడేశారు. డెల్మార్‌కు అన్నం సయించలేదు. ఫ్రీజరు పోయినందుకు కాదు. అన్నను రప్పించే దారి పోయిందని.

కబురు హిల్బర్ట్ చెవిన పడింది. తమ్ముణ్ణి ఏడిపించే అవకాశం వదులుకుంటాడా? కోడలి కారులో రానే వచ్చాడు, నారింజ రంగు వేటకోటు తొడుక్కుని.

"ఏదిరా నువ్వు పొడిచి చంపిన జింక?" అని కారులోంచే కేకేశాడు.

తెరిచి ఉన్న గ్యారేజీలో పెట్టె కనబడింది. హిల్బర్ట్ వాకరు పట్టుకుని దిగి, టకటకా లోపలికి వచ్చేసి, బెజ్జంలో వేలు పెట్టి పగలబడి నవ్వాడు. డెల్మార్ నవ్వలేదు. అన్న నడిచొచ్చిన నేల వంక చూశాడు. ఒక్క మెట్టు లేదు. ఇంటి నేలమాళిగకు మాత్రం నిటారుగా, ఇరుగ్గా మెట్ల వరస. ఛీ, ఇన్నాళ్లూ నా కళ్లు ఏమైనట్టు అనుకున్నాడు.

మర్నాడు సామాన్లవాడొస్తే తిప్పి పంపేశాడు. బెజ్జం మూసి, ఈసారి బుద్ధిగా చెక్క చట్రమే చేసి కుళాయిలు బిగించాడు. చల్లదనానికేం కొదవ? నవంబరు గాలి ఊరికే ఇస్తుంది. బీరు గడ్డకట్టకుండా కాస్త వెచ్చదనమే కావాలి. చలి ముదిరితే దానంతటదే వెలిగేలా లోపల ఓ బల్బు పెట్టాడు. ఫ్రీజరుకు చలికాచుకునే మంట పెట్టినవాడని ఊరు ఊరంతా నవ్వింది. నవ్వనీ! ఆర్లిస్ కూడా మెత్తబడి, పెనం మీద సాసేజీలు వేయించి రొట్టెలతో పట్టుకొచ్చింది.

ఆదివారం పేకాట బల్ల గ్యారేజీలో పడింది. కబురందుకుని హిల్బర్ట్ వచ్చాడు. రెండు చేతులతో కుళాయి లాగాడు. సగం నురగ, పావు నేలపాలు, మిగిలింది కప్పులో. తాగి మూతి తుడుచుకున్నాడు.

"బాగుందిరా. మడ్డి లేదు."

పక్కింటివాళ్లు ముక్కలు కలుపుతుంటే డెల్మార్ అన్న పక్కకు జరిగి మెల్లగా అడిగాడు.

"మెట్లు దిగలేకపోతున్నానని నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వేం చేసేవాడివి?"

"ఎత్తుకుని దింపేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు" అన్నాడు హిల్బర్ట్, కప్పులోకి చూస్తూ. "మంచులో నిన్ను వీపున మోసుకుని బడికి తీసుకెళ్లినవాణ్ణిరా నేను. నీ వీపు ఎక్కమంటావా?"

డెల్మార్ లేచాడు. అన్న చేతిలోంచి కప్పు తీసుకుని మళ్లీ నింపబోయాడు.

"అది నాకివ్వు, నేనే పట్టుకుంటా" అన్నాడు హిల్బర్ట్.

ఇచ్చేశాడు. ఆ సాయంత్రం చాలా బీరు నేలపాలైంది, ఎవరూ తుడవలేదు.