అక్క కంచంలో కొరివికారం

నా కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. పై పళ్లూ కింది పళ్లూ ఎన్నడూ కలిసేవి కావు. జామకాయ కొరకాలన్నా పక్కపళ్లతో పీక్కోవాల్సిందే. మా అక్కకు అచ్చం అమ్మ ముఖం వచ్చింది. పెళ్లిచూపులకు తన ఫొటో ఒక్కటి పంపితే సరిపోయింది. నేను మాత్రం ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా ఏ ఫొటోలోనైనా చున్నీ గడ్డం మీదికి లాక్కునే నిలబడ్డాను.

పోయిన మాఘమాసంలో గుంటూరులో నాకు ఆపరేషన్ చేశారు. దవడ ఎముక కోసి వెనక్కి జరిపి, ప్లేట్లు బిగించి, పళ్లకు రబ్బరు బ్యాండ్లు వేసి నోరు మూసేశారు.

"ఆరు వారాలు నమిలేది ఏదీ వద్దమ్మా. అన్నీ పల్చగా, వడకట్టి తాగాలి," అన్నారు డాక్టరుగారు.

నాన్న ఎనిమిది రోజులు నా మంచం పక్కనే ఉండి, పొదిలి దగ్గరున్న మా ఊరికి తీసుకొచ్చాడు.

వచ్చేసరికి ఇంట్లో అక్క ఉంది. మూడో నెల. వేవిళ్లు తట్టుకోలేక అత్తగారింటి నుంచి వచ్చేసింది. మంచినీళ్లు తాగినా కక్కుకునేది. అప్పుడు కల్లంలో మిరపకాయలు ఆరుతున్నాయి. అమ్మ పండుకాయలు ఏరి, చింతపండు వేసి కొరివికారం నూరింది. వేడన్నంలో అది కలిపి నెయ్యి వేసి పెడితే అక్క కడుపులో నిలిచింది. ఆ రోజు నుంచి మూడు పూటలా అదే.

నాకు రాగిజావ. సిరంజికి ట్యూబు తగిలించి, చెంప సందులోంచి కొంచెం కొంచెంగా నొక్కుకోవాలి. కింది పెదవికి స్పర్శ లేదు. జావ గడ్డం మీదుగా కారి నైటీ తడిస్తేగానీ తెలిసేది కాదు. అక్క నా ఎదురుగానే పీట వేసుకుని, "ఇంకొంచెం వెయ్యమ్మా," అంటూ వేళ్లు నాకేది. వచ్చిన చుట్టాలు ముందు అక్క కడుపు సంగతి అడిగి, ఆఖర్న నా వాచిన ముఖం చూసి, "వాపు తగ్గితే బాగానే ఉంటుందిలే," అని లేచేవాళ్లు.

ఒక్క ఆకలే అయితే ఓర్చుకునేదాన్నేమో. మంచి ముఖం ఎలాగూ తనకే వచ్చింది, ఇప్పుడు తిండి కూడా తనకేనా అని ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం అక్క రెండో వాయి కలుపుకుంటుంటే ఫోనులో రాసి చూపించాను: "కడుపుతో ఉన్నవాళ్లు ఇంత కారం తింటే బిడ్డకు మంచిది కాదట. ఆస్పత్రిలో నర్సమ్మ చెప్తుంటే విన్నా."

అక్క చేయి ఆగిపోయింది. "నిజంగా అన్నదా?"

తలూపాను.

"అమ్మా, ఇది తీసెయ్యవే," అని కంచం పక్కకు నెట్టింది.

ఆ సాయంత్రం జావ నాకు రుచిగా అనిపించింది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పెరుగన్నం పెట్టినా, చారు పోసినా అక్కకు ఇమడలేదు. నాలుగోరోజు పొద్దున కుళాయి దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. అమ్మా నేనూ పొదిలి ఆస్పత్రికి తీసుకెళితే సెలైన్ ఎక్కించారు.

"ఏది నిలిస్తే అది పెట్టండమ్మా," అన్నది అక్కడి డాక్టరమ్మ.

"కారం తినగూడదన్నారంట కదండీ? మా చిన్నది గుంటూరులో వినొచ్చింది," అన్నది అమ్మ.

"మరీ ఎక్కువ వద్దుగానీ, బిడ్డకేం కాదండీ. అసలు తిండే లేకపోతేనే ఇబ్బంది."

అమ్మ మందులకు బయటికెళ్లింది. నేను ఫోను తీసి, "ఎవరూ చెప్పలేదు. నువ్వు తింటుంటే చూడలేక నేనే అన్నా," అని రాసి అక్కకిచ్చాను.

రెండుసార్లు చదివింది. "నీ నోరు కట్టేశారని నా నోరూ కట్టేశావుటే?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చాక వారం రోజులు నాతో మాట్లాడలేదు. కావాలనే నా ఎదురుగా పీట వేసుకుని నిదానంగా తినేది. లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, జావ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. అప్పుడూ కుళ్లుగానే ఉండేది.

ఆరు వారాలయ్యాక బ్యాండ్లు తీశారు. నోరు ఒక వేలు పట్టేంత తెరుచుకుంది. అమ్మ పప్పన్నం మెత్తగా పిసికి చెంచా ఇచ్చింది. దవడ నమలడం మరిచిపోయినట్టుంది, నాలుకతో అంగిలికి అదిమి మింగాను. అర గిన్నె తినడానికి ముప్పావుగంట పట్టింది. అక్క తినేసి కూడా, చేయి ఎండిపోతున్నా లేవలేదు.

"నేను అత్తగారింట్లో కక్కుకుంటూ పడుంటే నాన్న ఒక్కరోజన్నా రాలేదే. నీ దగ్గర ఎనిమిది రోజులున్నాడు. నాకు మాత్రం కుళ్లుండదా?" అన్నది ఉన్నట్టుండి.

"మరి చెప్పలేదేం?" అన్నాను. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నువ్వు చెప్పావా?"

తను ఎడమచేత్తో నా గడ్డం మీది మెతుకు తుడిచి, చేయి కడుక్కోవడానికి లేచింది. నా అసూయ ఆ పూటతో పోయిందని చెప్పలేను. గిన్నెలో మిగిలిన అన్నం మాత్రం అడుగంటా తిన్నాను.