పెళ్ళికూతురితో పాటు తలంటుకున్న బ్రష్షులు

మొన్న ఆదివారం మా మనవరాలు మారతహళ్ళి నుంచి సర్జాపుర రోడ్డులోని మా ఫ్లాటుకు సంచి నిండా మేకప్ బ్రష్షులు వేసుకుని వచ్చింది. కంటిరెప్ప వాచిందని ఆ ముందు వారం ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. డాక్టరు చూసి, కంటికేమీ ఢోకా లేదు, కడగని బ్రష్షుతో వచ్చిన తంటా ఇది అన్నాడని తెలిశాక గానీ ప్రాణం కుదుటపడలేదు. గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పి, వాపు నిజంగానే తగ్గిందని నా కళ్ళతో చూసుకున్నాక, పదవే కడుగుదాం అన్నాను. కాఫీ కలుపుకుని వచ్చేలోగా ఆ పిల్ల బ్రష్షులన్నీ గబగబా కడిగేసి, తడి తలలు పైకి పెట్టి గ్లాసులో నిలబెట్టేసింది. అయ్యయ్యో అని అన్నీ తీసి తువ్వాలు మీద పడుకోబెట్టాను. నిలబెడితే నీళ్ళు కిందికి జారి, రేకు పట్టీ లోపలి జిగురు వదిలి, వెంట్రుకలు ఊడిపోతాయి. ఈ సంగతి నాకు నేర్పింది మా మేనత్త.

మా అత్త కాటన్‌పేటలో పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసేది. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పార్లరుకు పోతామంటే ఇంట్లో పెద్దవాళ్ళు మూతి ముడిచే రోజులవి. అందుకని అత్తే రేకు పెట్టె చేతబట్టుకుని పెళ్ళిళ్ళకు తిరిగేది, నాకు పెళ్ళి కాకముందు ఆమె వెంటే తిరిగి నేనూ పని నేర్చుకున్నాను. ఆమెకున్నది ఒక్కటే సెట్టు. పేటలో ఆడపిల్లలందరి చెంపలకూ అవే బ్రష్షులు. అందుకని ప్రతి పెళ్ళి తర్వాతా వాటికి కుంకుడు రసంతో తలంటేది. నిజంగా తలంటే! కొసలు మాత్రం ముంచి, అరచేతిలో మెల్లగా రుద్ది, నురగ పోయేదాకా కడిగి, నీళ్ళు పిండి, కుచ్చు సరిదిద్ది పడుకోబెట్టేది. జడ వేయడమొక్కటే తక్కువ అని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

ఒక వానాకాలం, రెండు వీధుల అవతల బట్టల వ్యాపారం చేసేవాళ్ళింట్లో పెళ్ళి. నిశ్చితార్థానికి ఇంకెవరో ముస్తాబు చేస్తే పెళ్ళికూతురి ముఖమంతా ఎర్రటి పొక్కులు లేచి, మందులు రాయగా రాయగా అప్పుడే మానుముఖం పట్టాయి. మళ్ళీ లేస్తే నలుగురిలో ముఖమెట్లా ఎత్తేదని పిల్ల ఒకటే ఏడుపు; అట్లాగని బోసి ముఖంతో పీటల మీద కూర్చోనని మొండిపట్టు. పౌడరు గాలి కూడా సోకనీయనని తల్లి. చివరికి అత్త, అన్నీ నీ కళ్ళ ముందరే కడుగుతానమ్మా అని ఆ తల్లిని ఒప్పించి, పెళ్ళి ముందురోజు వాళ్ళ పెరట్లోనే కడిగి, నడవాలో తెల్లగుడ్డ మీద ఆరబెట్టి, ఎవరూ తాకవద్దని చెప్పి వచ్చింది.

మరునాడు పొద్దున మేం పోయేసరికి బ్రష్షులు నిగనిగలాడుతున్నాయి. పెళ్ళికూతురి అవ్వ వాటికి కమ్మగా కొబ్బరినూనె పట్టించి, ఒక్కోదాన్నీ దువ్వి మరీ పెట్టింది! “తలంటినాక రవ్వంత నూనె తగలకుంటే ఎట్లప్పా, పాపం, గడ్డి మాదిరి ఉండాయి,” అని మెచ్చుకుంటామేమోనని మా వైపు చూస్తోంది ఆ పెద్దామె. పెళ్ళికూతురి ముఖానికి నూనె తగలనీయవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడట. తల్లి గడపలోనే కూలబడి, నా బిడ్డను ముట్టుకోవద్దని రెండు చేతులూ జోడించింది.

అత్త ఆ అవ్వను ఒక్క మాట అంటే ఒట్టు. పెళ్ళికూతురి మంగళస్నానానికి తీసిన కుంకుడు రసం ఇంకా మిగిలి ఉంటే, చీర చెంగు దోపుకుని అక్కడే కూర్చుని, వేళ్ళకు జిడ్డు తగలనంత వరకూ బ్రష్షులకు మళ్ళీ తలంటింది. బయట జోరువాన, ఎండ ఊసే లేదు. లోపల పిల్ల తడిజుట్టును వెదురుబుట్ట మీద పరిచి, కింద నిప్పుల్లో సాంబ్రాణి వేసి ఆరబెడుతున్నారు. అత్త చడీచప్పుడూ లేకుండా పోయి, ఆ జుట్టు పక్కనే, సెగ మరీ తగలకుండా, బుట్ట అంచున బ్రష్షులు పేర్చింది. పిల్ల తల తిప్పి చూసి, తనతో పాటు సాంబ్రాణి పట్టించుకుంటున్న ఆ కుచ్చులను గుర్తుపట్టి, ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో ఏమో, ఆ నవ్వు చూసి తల్లి కళ్ళు తుడుచుకుంటూ లేచి, సరే కానీయండి అంది.

పురోహితుడు తొందర పెడుతున్నా, పెద్ద బ్రష్షులు కుచ్చు మొదళ్ళలో ఇంకా చెమ్మగా ఉన్నాయని అత్త వాటి జోలికి పోలేదు. ఆరిన చిన్నవాటితోనే పలుచగా, ఉందా లేదా అన్నట్టు దిద్దింది. కొన్నాళ్ళకు వాళ్ళింట వ్రతానికి పిలిస్తే, అత్త దేవుడికి దణ్ణం పెట్టుకోకముందే ఆ పిల్ల ముఖం చూసింది. ఒక్క పొక్కు లేదు. హమ్మయ్య అని గోడకు ఆనుకుని కూర్చుని, ప్రసాదం అడిగి మరీ రెండోసారి పెట్టించుకుంది.

ఇప్పుడు ఎవరి బ్రష్షులు వాళ్ళవే. నా తర్వాత ఇది ఎవరి చెంప మీదికి పోతుందో అన్న బెంగ లేదు, అందుకే కాబోలు కడగడమూ గుర్తుండదు. పోనీలే, మా మనవరాలి కన్ను బాగుంది, నాకంతే చాలు అనుకుంటుండగా, ఆ పిల్ల ఆరిన బ్రష్షు నా బుగ్గకు తాకించి, గరుగ్గా ఉండాది కదవ్వా అంది. నా చెయ్యి నాకు తెలియకుండానే కొబ్బరినూనె సీసా మీదికి పోయింది. నాలుక కరుచుకున్నాను. ఆ పెద్దామె మీద మాత్రం ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

తీసిన సీసా మళ్ళీ లోపల పెట్టబుద్ధి కాలేదు. మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని, ఆ నూనె దాని తలకే పెట్టాను. కళ్ళు మూసుకుని నా మోకాలికి తల ఆనించేసింది. ఎన్ని బ్రష్షులుంటే ఏం, ఆ పిల్లకు మారతహళ్ళిలో తలంటేవాళ్ళే లేరు.